మా ఆయన డిస్కుని నేను బాగుచేసేను

మొన్న శనివారం నేనొక ఘనకార్యం చేసేను. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో అడ్డు రాకండి. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. 

మా ఆయన మస్కట్‌లో ఒక కంపెనీ స్టోర్సులో పని చేస్తారు. పదకొండేళ్లయింది. రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు మీద వస్తారు. ఈసారి వస్తూ లుంగీలో చుట్టి ఇటుకంత వస్తువొకటి తెచ్చేరు. హార్డ్ డిస్క్! అక్కడ డ్యూటీ అయ్యేక కూర్చుని, మూడేళ్లపాటు తనే రాసుకున్న ప్రోగ్రాం అందులో ఉందిట. స్టోర్సులో ఏ బోల్టు ఏ అరలో ఉందో, ఎన్ని మిగిలేయో, అడిగితే చెప్పేస్తుందిట.

ఇక్కడ ఓడలరేవు వైపు ఆయిల్ కంపెనీ వాళ్లు కొత్తగా స్టోర్సు తెరుస్తున్నారు. అక్కడి ఆఫీసరు గారు ఈయన చెప్పింది విని, "సోమవారం వచ్చి చూస్తానండి. అది పనిచేస్తే మీరింక ఇక్కడే ఉండిపోవచ్చు," అన్నారు.

ఇక్కడే ఉండిపోవచ్చు! ఆ మాట ఈయన చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. "మళ్లీ చెప్పండి, ఏమన్నారు?" అని అడిగితే, "ఆయ్, ఉండిపోవచ్చన్నారు తల్లీ," అని దణ్ణం పెట్టేరు. నేను ఊరుకోకుండా ఆయన మంచానికి కొత్త నవారు కూడా వేయించేను.

మా అమలాపురంలో కంప్యూటరున్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో నా టైపు ఇన్‌స్టిట్యూట్ ఒకటి. నా డిస్కులో ఉన్నది డాస్. ఆయన డిస్కులో ఉన్నది యూనిక్స్. రెండూ కంప్యూటరుని నడిపించేవే గానీ, దేని పద్ధతి దానిది. ఆయన నా కంప్యూటరు మూత విప్పి, నా డిస్కు పక్కనే తన డిస్కు బిగించేరు.

"ఒకే ఇంట్లో రెండు కాపురాలనుకో," అన్నారు. "నా ఫ్లాపీ పెట్టి ఆన్ చేస్తే నాది లేస్తుంది. పెట్టకపోతే నీది. ఒకటి లేచిందంటే రెండోదాని మొహం చూడదు."

"తోడికోడళ్లలాగా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో పడి అసలు సంగతి నా బుర్రకెక్కలేదు.

శనివారం ఆయన సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురంలో వాళ్ల అక్కగారిని చూడ్డానికి వెళ్లేరు. ఒకటే వాన. క్లాసులు లేవు. నేను, మా అమ్మాయి సునీత ఇన్‌స్టిట్యూట్ తాళం తీసేం. ఆఫీసరు గారు వస్తారు కదా, గది తుడిచేం. కిటికీలు కడిగేం. కీబోర్డు మీద దుమ్ము దులిపేను. అక్కడితో ఆగొచ్చు కదా! ఆగలేదు. ఫ్లాపీ ఏదీ పెట్టకుండా కంప్యూటరు ఆన్ చేసేను. నా డాస్ లేచింది. డాస్‌లో రెండో డిస్కు పేరు D కదా, ఆయన డిస్కు ఎలా ఉందో చూద్దామని D కొట్టేను.

అలాంటి డ్రైవే లేదంది!

 మన కోనసీమ వానాకాలం సంగతి మీకు తెలుసు. బీరువాలో పట్టుచీరలకే బూజు పడుతుంది. ఫ్లాపీలనేం వదులుతుంది? పిల్లలు "మేడం, రీడ్ అవ్వట్లేదండీ" అని తెస్తారు. తుడిచి, ఫార్మాట్ కొట్టి కొత్తదానిలా చేస్తాను. సగం లేస్తాయి. ఇన్‌స్టిట్యూట్‌లో నాకు డాక్టరమ్మ అని పేరు! ఎడారిలో పెరిగిన డిస్కు కదా, మన చెమ్మ పడలేదనుకున్నాను.

"నాన్నగారొచ్చేక చెబుదామమ్మా," అంది సునీత.

"వస్తారు, చూస్తారు, బెంగపడతారు. సోమవారం ఆఫీసరు ముందు తలదించుకుంటారు. అంతేగా?"

"పోనీ రిపేరతన్ని పిలుద్దాం."

"నేనుండగా రిపేరతనెందుకే?"

పిల్ల స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

డాస్ పుస్తకం తీసేను. పేజీ తర్వాత పేజీ అందులో చెప్పినట్టే చేసుకుంటూ పోయేను. రెండో డిస్కు ఉంది గానీ, అందులోది చదవడం తనకి రాదని డాస్ చెప్పింది. నేనేమో అందులో రాతే లేదని అర్థం చేసుకున్నాను. ఉన్న పార్టిషన్, అదే డిస్కులో గది గోడలాంటిది, తీసేసేను. కొత్తది వేసేను. ఫార్మాట్ కొట్టేను. అప్పుడు పాపం, అది ఆగి అడిగింది. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా? సరేనంటే Y, వద్దంటే N నొక్కమంది.

సునీత నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అది అంత మర్యాదగా అడుగుతోందంటే ఏదో ఉందే!"

"ఏమీ లేనిదాంట్లోంచి పోయేదేముందే?" అన్నాను. ప్రభువుని తలుచుకుని Y నొక్కేను.

కిర్రు కిర్రుమంటూ ముప్పావుగంట తిరిగింది. ఎదురుగా కూర్చుని, ఆపరేషన్ అయ్యేదాకా కాపు కాసినట్టు కాపు కాసేను. అయ్యేక మళ్లీ D కొట్టేను. వచ్చింది! కడిగిన కంచంలా ఉంది. చప్పట్లు కొట్టేను కూడాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చేరు. గుమ్మంలోనే చెప్పేను. "ఏవండీ, మీ డిస్కు చచ్చిపోతే నేను బతికించేను!"

"చచ్చిపోవడమేంటి?" అన్నారు. తడిసిన గొడుగుతో అలాగే ఇన్‌స్టిట్యూట్‌కి నడిచేరు. వెనకాల నేను. ఫ్లాపీ పెట్టేరు. ఆన్ చేసేరు. ఆపేరు. మళ్లీ పెట్టేరు. అలా ఆరుసార్లు.

తిట్టలేదండీ. తిడితే బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి, "అది అప్పుడు బాగానే ఉంది విమలా. నీ డాస్‌కి దాని భాష రాదు. అంతే," అన్నారు.

"ఇంకో కాపీ లేదా?"

"ఉంది."

నా ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడండీ?"

"మస్కట్‌లో."

సోమవారం చెప్పిన టైముకి ఆఫీసరు గారు వచ్చేరు. ఈయన తెల్లకాగితం మీద గళ్లు గీసి, ఇక్కడ ఇది కనిపిస్తుందండీ, అక్కడ అది కనిపిస్తుందండీ అని చూపించేరు. ఆఫీసరు మంచివారే. చివరిదాకా విన్నారు. కొబ్బరి బోండాం తాగేరు.

"బాగానే ఉందండీ ప్రభాకర్ గారూ. కానీ పనిచేస్తుంటే చూడాలి కదండీ. ఈసారి మీరు వచ్చేసరికి ఖాళీ ఉంటే ఆలోచిద్దాం."

ఈసారి అంటే రెండేళ్లు. "తప్పు నాదండీ," అని నేను నోరు తెరవబోయేను. ఈయన అడ్డొచ్చేసేరు. "విమానంలో దెబ్బ తగిలిందండీ డిస్కుకి," అన్నారు. ఇన్నేళ్లలో ఆయన అబద్ధమాడగా వినడం నాకదే మొదలు.

బుధవారంతో సెలవైపోయింది. పెట్టె సర్దుకుంటున్నారు. చొక్కాలు మడత పెడదామని పక్కన కూర్చున్నాను.

"నువ్వు ముట్టుకోకు తల్లీ. విమానం దిగి తెరిచేసరికి పెట్టె కడిగిన కంచంలా ఉంటుంది," అన్నారు.

సునీత పకపకా నవ్వింది. ఆయనా నవ్వేరు. నేనూ నవ్వేను. ముగ్గురం అలా నవ్వుతూనే ఉన్నాం. అందులో ఎవరిది ముందు ఏడుపైందో చెప్పలేను.

నిన్న పొద్దున్న రాజమండ్రి బస్సెక్కించి వస్తున్నాను. ఎదురింటావిడ గేటు దగ్గర ఆపేరు.

"అదేంటండీ, మీవారు ఈసారి ఉండిపోతారన్నారు? మళ్లీ వెళ్లిపోయేరే! మస్కట్ కంపెనీ వాళ్లు రమ్మని గట్టిగా అడిగేరా?"

"లేదండీ," అన్నాను. "వాళ్లెవరూ అడగలేదు. కంప్యూటరు ఒక్కటే అడిగింది. నేనే సరేనన్నాను."