పక్కింటి గోడ అవతల అమ్మ

మా చిన్నప్పుడు... ఓ రోజు మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. వసారాలో మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఏడాది నిండిన మా తమ్ముడు బుజ్జిగాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అమ్మేది మామ్మా?"

"పుట్టింటికెళ్ళిందే. నీ తమ్ముడు పాలు మానాలిగా! మానాక వచ్చేస్తుందిలే."

నాకు చెప్పకుండా అమ్మ పక్క వీధికి కూడా వెళ్ళేది కాదు...

మాది దెందులూరు దగ్గర పల్లె. అమ్మకి ఏలూరులో అంగన్‌వాడీ ట్రైనింగ్ వచ్చింది. పొద్దున్న వెళితే మళ్ళీ సాయంత్రమే రావడం. బుజ్జిగాడేమో అన్నం గిన్నె చూస్తే చాలు, మూతి బిగించేసేవాడు. ఊళ్ళో పిల్లలకి ఏం పెట్టాలో నేర్చుకోబోతున్న మనిషి సొంత పిల్లాడి చేత ఒక్క ముద్ద తినిపించలేకపోయింది!

ముందు అమ్మ వేపాకు నూరి రొమ్ముకి రాసుకుంది. వాడు మొహం వికారంగా పెట్టి, అమ్మ వంక ఓసారి అనుమానంగా చూసి, ఆ చేదుతోనే తాగేశాడు. మర్నాడు కలబంద... దానికీ జడవలేదు. తల్లి కంటికి కనబడకుండా ఉంటే గానీ వీడు మానడని మామ్మ తేల్చేసింది. అప్పట్లో మా వైపు అదే పద్ధతి. తల్లిని నాలుగు రోజులు పుట్టింటికి పంపేసేవారు. మా అమ్మ పుట్టిల్లు కొల్లేరు సరస్సు మధ్య ఓ లంక ఊళ్ళో ఉండేది.

అమ్మ వాసనకైనా పడుకుంటాడేమోనని మామ్మ ఆవిడ పాత చీరతో ఉయ్యాల కట్టింది. పప్పు కట్టు పోసి మెత్తగా పిసికిన అన్నం ఉగ్గుగిన్నెలో పట్టుకుని వాడి వెనకాలే తిరిగేది. వాడు ఉమ్మేసేవాడు. గడప దాకా పాకి వెళ్ళి, వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. నాన్న పొలం నుంచి వచ్చి, వాడి వంక చూడలేక తల దించుకుని లోపలికి వెళ్ళిపోయేవారు.

రెండు రోజులు గడిచాక ఓ పొద్దున్న మామ్మ చేపలు బేరమాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. చేపలావిడ బుట్ట దించుతూ అంది... "కొల్లేరు పొంగిపోయిందండీ మామ్మగారూ! లంకల రోడ్డంతా నీళ్ళేనండి. వారం నించీ బస్సుల్లేవు. మనిషన్నవాడు అటేపు వెళ్ళలేదండీ."

బస్సే లేకపోతే అమ్మ ఎలా వెళ్ళింది? నీళ్ళలో నడిచి వెళ్ళిందా?

మామ్మ వంక చూశాను. మామ్మ మొహం తెల్లబోయి ఉంది. అబద్ధం బయటపడిందని ఆవిడ కంగారు. నాకేమో అమ్మ కొల్లేట్లో కొట్టుకుపోయిందనే అర్థమైంది...

ఏడుస్తూ పక్కింటికి పరుగెత్తాను. ఆ ఇంటి టీచరమ్మ గారు క్రైస్తవ మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. మాకు ఏ కష్టమొచ్చినా ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ముందు గదిలో ఎవరూ లేరు. వెనక గది తలుపు తోశాను.

మంచం మీద అమ్మ!

కేక పెట్టబోయాను. అమ్మ ఒక్క ఉదుటున వచ్చి నా నోరు మూసేసింది. జాకెట్టు ముందంతా పాలతో తడిసిపోయి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆ గదికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే. అవతల బుజ్జిగాడి ఏడుపు పక్కనే ఉన్నట్టు వినబడుతోంది.

"అరవకే... వాడికి వినబడుద్ది. ఏవన్నా తిన్నాడా?"

"లేదమ్మా... ఉమ్మేస్తున్నాడు."

అమ్మ గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది.

పెరట్లోంచి టీచరమ్మ గారు వచ్చి నా కళ్ళు తుడిచారు. "ఎవరికీ చెప్పకమ్మా. ఇప్పుడు గానీ వాడు చూశాడంటే, మీ అమ్మ పడిన బాధంతా వృథా అయిపోద్ది."

రోడ్డు మునిగిపోయి పుట్టింటికి వెళ్ళలేక, ట్రైనింగ్ దగ్గరపడి ఆగలేక, అమ్మ అక్కడ దాక్కుంది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసట! పాపం, చేపలావిడకి చెప్పడమే మరిచిపోయారు. ఇంతమంది పెద్దవాళ్ళు కూడబలుక్కుని ఇలా అబద్ధం ఆడతారా అని నేను నిర్ఘాంతపోయాను.

తర్వాత ఓ సాయంత్రం మా ఇంట్లో ఏడుపు ఆగింది. బుజ్జిగాడు మామ్మ చేతి ముద్ద తిన్నాడు. మర్నాడూ తిన్నాడు. ఇంక రావచ్చని గోడ అవతలికి కబురు వెళ్ళింది. అమ్మ చేత్తో సంచీ పట్టుకుని, అప్పుడే బస్సు దిగినట్టు వీధి గుమ్మంలోంచి వచ్చింది. నవ్వుతూ చేతులు చాపింది.

వాడు చూశాడు. చూసి... మామ్మ మెడ కరుచుకుని మొహం అటు తిప్పేసుకున్నాడు.

"హమ్మయ్య! మానేశాడే అమ్మాయ్!" అని మామ్మ మురిసిపోయింది. అమ్మ చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. పాలు మానితే చాలనుకుంది గానీ, తననే మానేస్తాడని అనుకోలేదు. రెండు రోజుల దాకా వాడు అమ్మ చంకెక్కలేదు.

ఆ బుజ్జిగాడు ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ సంగతి చెబితే "ఊరుకో అక్కా" అని నవ్వేస్తాడు. నేను వట్లూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మా పాపకి మొన్ననే ఏడాది నిండింది. డాక్టరు గారు చెప్పినట్టు ఒక్కో పూట తగ్గిస్తూ నెమ్మదిగా మాన్పిస్తున్నాను. ఇప్పుడు ఏ తల్లీ దాక్కోవక్కర్లేదు. మంచిదే... కానీ మా పాప రాత్రంతా ఏడ్చినా, ఏమైందని అడిగే పక్కింటివాళ్ళు కూడా లేరు.

నిన్న ఫోన్‌లో అమ్మని అడిగాను... వాడి ఏడుపు వింటూ ఆ గదిలో ఎలా ఉండగలిగావమ్మా అని.

అమ్మ అంది...

"ఏడుస్తున్నంతసేపూ ఎలాగో ఉన్నానే... నా కోసమే కదా అనుకునేదాన్ని. ఏడుపు ఆపేశాడు చూడు, అప్పుడు ఉండలేకపోయాను."

మీ ఇళ్ళల్లో ఎలా మాన్పించారండీ? మీ అమ్మగారిని ఓసారి అడిగి చూడండి... ఏమన్నారో నాకూ చెప్పండి.