మెయిన్ ఆపిన ఆదివారాలు

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా విడివడి కనబడి, కిర్రుమంటూ ఆగిపోయాయి. ఫ్రిజ్ మోత ఆగింది. పక్క క్వార్టర్‌లో సీరియల్ సగంలో తెగిపోయింది. దేశానికి బొగ్గు పంపే మా సెంటినరీ కాలనీలో కరెంటు పోతే జనం దాన్ని తమకు జరిగిన అవమానంగా తీసుకుంటారు. వెంటనే లైన్‌మన్‌ను తిట్టే గొంతులు లేచాయి. నాకు మాత్రం ఎక్కడా దీపం లేకపోయినా ఆముదం కమురు వాసన వచ్చింది, దాంతోపాటే విమల మేడమ్ గుర్తొచ్చింది. నన్నూ, మా తమ్ముడు సూరినీ మా అమ్మ దగ్గర్నుంచి జీపెక్కించి తీసుకుపోయిన శిశు సంక్షేమ శాఖ ఆఫీసరు ఆవిడ. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. మమ్మల్ని బతికించింది అని రాయాలా, మాకు అమ్మను లేకుండా చేసింది అని రాయాలా? రెండూ నిజమే. ఒకటి రాసి రెండోది రాయకపోతే అబద్ధమవుతుంది.

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఒకసారి కప్పు కూలి, ఆయనా ఇంకో పెద్ద వయసు కార్మికుడూ లోపల ఇరుక్కుపోయారు. తల మీది లైట్లు ఆరిపోయాక ఆ చీకట్లో వాళ్లు ఏం చూశారో, ఏం మొక్కుకున్నారో నాకు తెలియదు. బయటపడ్డాక ఆ పెద్దాయన డ్యూటీ మానేసి, వెలుగే దేవుడన్నాడు. మనిషి చేత్తో పెట్టిన దీపమే వెలుగని, కరెంటు దొంగ వెలుగని చెప్పాడు. కొన్ని కుటుంబాలు ఆయన వెంట నడిచాయి, అందులో మాది ఒకటి. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఖాళీ చేయించిన పల్లెలో, మట్టి దిబ్బల వెనక, మిగిలిన గోడల మీద తాటికమ్మలు కప్పుకుని ఉండేవాళ్లం. బడి లేదు, మందు లేదు. కరెంటు తీగ ఉన్న ఏ కప్పు కిందా అడుగు పెట్టకూడదు. ఊళ్లో మమ్మల్ని దీపమోళ్లు అనేవారు. వినేవాళ్లకు ఇదంతా పిచ్చిగా తోస్తుందని తెలుసు. కానీ నాకు గుర్తున్నది పొద్దుగూకగానే అందరం వరసగా కూర్చుంటే అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కొక్కరి ముఖం దగ్గరికి దీపం తెచ్చి చూసి, 'ఉన్నవా బిడ్డా' అని అడగడం. ఉన్నానని చెప్పాలి. అదే మా ప్రార్థన.

నాన్న ఆయాసంతో పోయాడు. తరువాత వానాకాలంలో మా చిన్న చెల్లెలు పచ్చకామెర్లతో పోయింది. ఇద్దర్నీ గుడిసె వెనకే మట్టి చేశాం. ఆ కబురు ఎలా పాకిందో, కొన్నాళ్లకే జీపు వచ్చింది. లావుపాటి కళ్లద్దాలు, నూలు చీర, కాళ్లకు మగవాళ్ల చెప్పులు వేసుకున్న మేడమ్ దిగింది. వెనక ఇద్దరు ఆడ పోలీసులు. సూరి అప్పటికే మూలుగుతూ పడి ఉన్నాడు. ఆవిడ వాడి కనురెప్ప ఎత్తి చూసింది.

"పిల్లగాని కండ్లు చూసినవా అక్కా? ఇయ్యాల దవాఖానకు తోలకపోతే వీడు దక్కడు."

"దీపానికి మొక్కిన మేడం. తగ్గుతది," అంది అవ్వ.

"చిన్నదానికి కూడ మొక్కినవు గదా."

అవ్వ సూరిని ఎత్తుకుని తనే జీపులో పడుకోబెట్టి, పక్కన నన్ను కూర్చోబెట్టింది. అవ్వకు జీపులో చోటు లేదన్నారు. నిజమే, ఇద్దరు పోలీసులు, డ్రైవరు, మేడమ్, మేము. అవ్వ మట్టి రోడ్డు మీద నిలబడింది. నేను మేడమ్ చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆస్పత్రిలో సూరి బతికాడు. తరువాత మమ్మల్ని ఒక బాలసదనంలో పెట్టారు. వాడిని మంచం దించవద్దని డాక్టరు చెప్పాడు, వాడేమో గంజి ముట్టడు. నోరు గట్టిగా బిగించి గోడకు తిరిగేవాడు. ఆదివారం అవ్వ నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడింది. తలుపు దాకా వచ్చి, పైన తిరుగుతున్న ఫ్యాను చూసి వెనక్కి తగ్గింది. లోపలికి రానంది. సూపరింటెండెంటు విసుక్కున్నాడు. అంతలో మేడమ్ వచ్చింది.

"మూఢనమ్మకాలను మనమే ముద్దు చేస్తే ఎట్ల మేడం?" అన్నాడాయన.

"పిల్లగాని కడుపుల మెతుకు లేదు. నమ్మకం సంగతి రేపు మాట్లాడుకుందాం. మెయిన్ యాడున్నది?"

స్టూలు తెప్పించుకుని తనే ఎక్కింది. ఆ భారీ శరీరానికి స్టూలు కిర్రుకిర్రుమంది. హ్యాండిల్ కిందికి లాగిన చప్పుడు హాలంతా వినబడింది. "రా అక్కా. ఇప్పుడు ఇది కరెంటు లేని కప్పే," అంది. అవ్వ గడపలో నిలబడి ఫ్యాను పూర్తిగా ఆగేదాకా చూసి, అప్పుడు లోపలికి వచ్చింది. మూటలోంచి మట్టి ప్రమిద తీసి వెలిగించి, సూరి ముఖం దగ్గర పెట్టి అడిగింది, "ఉన్నవా బిడ్డా?" వాడు ఉన్నానన్నాడు. గిన్నెడు గంజి తాగాడు. బయట మెట్ల మీద కూర్చుని చెంగుతో విసురుకుంటున్న మేడమ్‌ను చూసి, ఆ రోజు మొదటిసారి నాకు ఆవిడ మీద కోపం కొంచెం తగ్గింది.

అది అలవాటైంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట మెయిన్ ఆపేవారు. టీవీలో సినిమా పోతోందని మిగతా పిల్లలు మొదట నా మీద పళ్లు నూరారు. తరువాత వాళ్లే ఆ గంట కోసం ఎదురుచూసేవారు, మసక చీకట్లో దాగుడుమూతలకు అంతకన్నా మంచి సమయం ఏముంటుంది. సూపరింటెండెంటు మాత్రం చెమటలు కక్కుతూ గొణిగేవాడు. మేడమ్ పట్టించుకునే రకం కాదు. తనకు సరి అనిపిస్తే కలెక్టరు చెప్పినా వినని మొండిఘటం.

మమ్మల్ని తిరిగి పంపాలా వద్దా అన్న విషయం నలుగుతూనే ఉంది. పంపకూడదని మేడమ్ పట్టుబట్టింది. ఒక ఆదివారం అవ్వ పక్కన కింద కూర్చుని చెప్పింది. "గోదావరిఖనిల మీ ముగ్గురికి కిరాయికి ఒక అర్ర చూసిన అక్కా. మీటరు పీకిచ్చిన. పిల్లలు బడికి పోవాలె, జరమొస్తే దవాఖానకు పోవాలె, గంతే. మిగిలింది నీ ఇష్టం. దీపమే పెట్టుకో, ఎవలు వద్దంటరు?"

అవ్వ సూరి తల నిమిరింది. "వాళ్ల అయ్య, చిన్నది ఆడనే మట్టిల ఉన్నరు మేడం. పొద్దుమూకినంక నేను దీపం పెట్టకుంటే చీకట్ల ఉంటరు. మా ఆయన బాయిల ఆ చీకటి చూసి అదిరిన మనిషి. వాళ్లను ఎట్ల ఇడిసిపెట్టి రావాలె?"

చట్టం గురించి గంటలకొద్దీ మాట్లాడగల మేడమ్ ఆ ఊసెత్తకుండా ప్రమిదలో వత్తి ఎగదోసి అంది, "ఆలోచించుకో అక్కా. జల్ది ఏం లేదు."

జల్ది ఉండింది. అది మాకెవరికీ తెలియదు. ఆ నెల దాటకముందే మేడమ్‌కు దూరం బదిలీ అయింది. మెయిన్ సంగతి చూసుకొమ్మని సూపరింటెండెంటుకు నోటితో చెప్పి వెళ్లింది, ఆయన తల ఊపాడు. తరువాతి ఆదివారం లైట్లన్నీ భగభగ వెలుగుతున్నాయి. అవ్వ గేటు బయటే ఆగింది. ఊచల మధ్యనుంచి మా చేతులు పట్టుకుని, "మేడం లేదా?" అని అడిగింది. లేదన్నాను. "మల్ల వస్తదా?" అంది. తెలియదన్నాను. గాలికి ప్రమిద నిలవడం లేదు. చేత్తో అడ్డం పెట్టి ఎంత ప్రయత్నించినా మా ముఖాలు చూడలేకపోయింది. అదే ఆఖరు. తరువాత ఒక సాయంత్రం ఎవరో ఒకామె రోడ్డవతల చాలాసేపు నిలబడి వెళ్లిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. అవ్వేనని నాకు తెలుసు.

గని ముందుకు జరిగింది. దీపమోళ్లను అక్కడినుంచి లేపేశారు. గోదావరి దాటిపోయారని కొందరు, మహారాష్ట్ర అడవిలోకి వెళ్లారని కొందరు అన్నారు. కబురు తెలిసి మేడమ్ బస్సుల మీద బస్సులు మారి వచ్చేసరికి మా గుడిసె లేదు, గుడిసె వెనక సమాధులూ లేవు. వాటి మీద కొండంత మట్టి పోసి ఉంది. ఏ సమాధుల కోసం అవ్వ మా దగ్గరికి రానందో అవే లేకుండా పోయాయి. ఇంకొన్నాళ్లు ఆదివారాలు మెయిన్ ఆపి ఆ తలుపు తెరిచి ఉంచితే వచ్చేదేమో.

ఆ తరువాత మేడమ్ మమ్మల్ని వదల్లేదు. సెలవుల్లో బెల్లంపల్లిలోని వాళ్ల పాత ఇంటికి తీసుకువెళ్లేది. వాళ్ల నాన్నా బాయి కార్మికుడే, ఇంటి గోడ మీద ఆయన ఫోటో, పక్కనే యేసు పటం ఉండేవి. చర్చిలో ఒకాయన, "చీకట్లోంచి పిల్లలను వెలుగులోకి తెచ్చిండ్రు మేడం," అని మెచ్చుకుంటే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "వాళ్ల తల్లి కాడ వెలుగు లేదని నీకెవరు చెప్పిండ్రు?" అంది. మమ్మల్ని మాత్రం ఎన్నడూ చర్చికి రమ్మనలేదు.

ఇంటరు చదివేటప్పుడు ఒకసారి ముఖం మీదే అడిగాను. "మమ్ముల ఎందుకు తెచ్చినవ్ మేడం?"

"తేకుంటే సూరిగాడు చస్తుండె."

"మరి అవ్వ?"

ఆవిడ కూరలో గరిటె అలాగే వదిలేసి కూర్చుంది. "తెచ్చుడు తప్పు కాదు బిడ్డా. మల్ల గసొంటి దినం వస్తే మల్ల తెస్తా. కని జీపుల ఇద్దరు పోలీసోళ్లకు జాగ దొరికింది, మీ అవ్వకు దొరకలే. చిన్నదాని మాట ఎత్తి ఆమె మనసు ఇరగ్గొట్టిన. జల్ది లేదన్న. నేను పోతే ఆ మెయిన్ ఎవడు ఆపుతడని ఆలోచన చెయ్యలే. నా మీద కోపం ఉంటే ఉంచుకో. బతికున్నవు గావట్టే గదా కోపం చేస్తున్నవ్." నేను ఉంచుకున్నాను. ఆవిడ మీద ప్రేమ కూడా ఉంచుకున్నాను. రెంటినీ ఒకే మనిషి మీద పెట్టుకుని బతకడం ఎంత కష్టమో ఆవిడకు తెలుసు, అందుకే ఒక్కటే ఎంచుకొమ్మని ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నేను ఆ శాఖలోనే పనిచేస్తున్నాను. పిల్లల్ని తీసుకురావాల్సిన ఇళ్లు ఈ కాలంలోనూ ఉన్నాయి. దేవుడి పేరు మీద కావచ్చు, పరువు పేరు మీద కావచ్చు. తేకూడదని వాదించేవాళ్లను చూస్తే మా చిన్నది గుర్తొస్తుంది. తేవడమే గొప్పనుకునేవాళ్లను చూస్తే గేటు బయట ప్రమిదకు చెయ్యి అడ్డం పెట్టుకున్న అవ్వ గుర్తొస్తుంది. జీపు ఎక్కేముందు తల్లికి చోటుందా అని అడుగుతాను. చాలాసార్లు ఉండదు. అప్పుడు గొడవపడతాను. ఆ గొడవ మేడమ్ దగ్గర నేర్చుకున్నదే.

మేడమ్ పోయిన ఏడు చనిపోయింది. చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నన్ను చూసి మాత్రం, "మెయిన్ ఆపిండ్రా?" అని అడిగింది. ఆపామని చెప్పాను.

నిన్న కరెంటు తిరిగి వచ్చింది. కాలనీ అంతా ఒక్కసారి వెలిగింది, మా ఫ్యాను కూడా కదిలింది. ఆదివారాలు నా దగ్గరికి వచ్చే సూరి లేచాడు. వాడు జైపూర్ పవర్‌ప్లాంటులో ఆపరేటరు, వారమంతా ఊళ్లకు కరెంటు పంపడమే వాడి డ్యూటీ. వెళ్లి మా ఇంటి మెయిన్ కిందికి లాగాడు. "ఆదివారం గదక్కా," అన్నాడు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "మీకు రాలేదా ఇంకా?" అని అడిగింది. "వచ్చిందమ్మా, మేమే ఆపినం," అన్నాడు వాడు. నేను వీధి తలుపు బార్లా తెరిచి ప్రమిద వెలిగించాను. ఇద్దరం కూర్చుని, ఫ్యాను పూర్తిగా ఆగేదాకా చూశాం. అది ఆగాకే అవ్వ లోపలికి వచ్చేది.