సెల్బీ మామ బేకాపిల్ చోటు

కెనడాలోని లాబ్రడార్ తీరానికి వేసవంటే మూణ్ణాళ్ల ముచ్చట. ఆ మూణ్ణాళ్లలోనే మంచుకొండలూ, తిమింగలాలూ, వాటిని చూడవచ్చే టోపీల జనమూ ఒక్కసారిగా ఊడిపడతారు. వాళ్లను పడవలో తిప్పేది సెల్బీ. ఊరందరికీ మామే. అడిగినా అడక్కపోయినా అన్నీ చెబుతాడు, ఒక్కటి తప్ప. అది తను బేకాపిల్ పండ్లు ఏరే చోటు.

చిత్తడి నేలలో పండే ఆ నారింజరంగు పండ్ల చోటు అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు. మామకు వాళ్లమ్మ కెటూరా పోయేముందు చెవిలో చెప్పింది: "నీ ఒక్కడికే చెబుతున్నా నాన్నా. అక్కకీ తమ్ముడికీ తెలియనీకు." ముగ్గురిలో అమ్మ నమ్మింది తననే! చేపలు పడని ఏడు కూడా ఆ మాట తలుచుకుంటే మామకు కడుపు నిండిపోయేది. అలా ముప్పై ఏళ్లు గడిచాయి.

ఆ ఆగస్టులో ఒక పొద్దున గాలి తిరిగింది. మర్నాటికి వాన ఖాయం, వానొస్తే పండ్లు నీరుకారిపోతాయి. సరిగ్గా ఆ రోజే టొరంటో దంపతులిద్దరు తిమింగలాలు చూస్తామని పడవెక్కారు. మామ ఊరంతా చూసేలా ఉత్తరానికి బయల్దేరి, లంక చాటుకు రాగానే దక్షిణానికి తిప్పేశాడు.

"తిమింగలాలు ఇటేనా అండీ?" అంది ఆవిడ.

"అవెక్కడికి పోతాయమ్మా, సముద్రంలోనే ఏడుస్తాయి. పండ్లే ఆగవు." ఇద్దరి చేతుల్లో చెరో బకెట్టు పెట్టాడు. "ఒట్టేయండి. ఎవరడిగినా ఉత్తరానికి పోయామనాలి."

పాపం, ఒట్టేశారు. ఒడ్డు దిగి, నల్ల ఈగలు చెవుల్లో దూరుతుంటే బురదలో కాళ్లీడ్చుకుంటూ ఏరసాగారు. కాసేపటికి ఆవిడ, తిమింగలాల మీద ఆశ చావక, మామ ఏనాడూ ఎక్కని మిట్ట ఎక్కింది.

"ఇక్కడెవరో ఉన్నారండోయ్!"

మామ పరిగెత్తాడు. అవతలి వాలులో రబ్బరు బూట్లు, వంగిన నడుము, తలకు అమ్మ పాత రుమాలు.

"అక్కా! నడుం నొప్పని పడుకున్నావుగా!"

డ్రూసిల్లా బకెట్టు వెనక్కి దాచుకుంది. "నువ్వు ఉత్తరానికి పోలా? నా కళ్లతో చూసి మరీ కొండ దాటి నడిచొచ్చా. పో ఇక్కణ్ణించి! ఈ చోటు అమ్మ నాకొక్కదానికే చెప్పింది."

మామ అక్కడే కూలబడ్డాడు. "నీ ఒక్కడికే అని నాతోనూ అందే..."

డ్రూసిల్లా బకెట్టు కింద పెట్టేసింది. "ఎంత పని చేసిందిరా ముసల్ది!" అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మామకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లు దాచుకున్న అమ్మ గారాబం, తీరా చూస్తే సగమే తనది.

అంతలో సముద్రం మీంచి దగ్గుతున్న ఇంజను చప్పుడు వినిపించింది. ఆ దగ్గు ఇద్దరికీ తెలుసు. తమ్ముడు హెడ్లీ పడవది.

"వాడిక్కూడానా!" అన్నాడు మామ.

అక్క బకెట్టు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ముందు ఏరరా. తర్వాత ఏడుద్దువు గాని."