ఫ్యాను కింద బెంచీలో కంపెనీ పాలన

ఇవాళ తాడేపల్లిగూడెంలో మా ఇంటర్ అమ్మాయిలచేత వలస వ్యాపారం పాఠాన్ని నాటకంగా ఆడించాను. గణపవరం నుంచి వచ్చే మేరీ ఈస్టిండియా కంపెనీ, అత్తిలి దుర్గ నవాబు. కంపెనీ వ్యాపారానికని వచ్చి నవాబు బెంచీలో ఓ మూల కూర్చుంది. కాసేపటికి నవాబు తెచ్చుకున్న జంతికల మీద కంపెనీ పన్ను వేసింది. తన చేగోడీలకు మాత్రం పన్ను లేదంది. గంట కొట్టేసరికి ఫ్యాను కింద బెంచీ మొత్తం కంపెనీదే అయిపోయింది.

దుర్గ ఏడుపు మొహం పెట్టింది. "చూడండి మేడమ్, నన్ను గోడవైపు నెట్టేసిందండీ!"

"పాఠం అయిపోయింది, లే మేరీ" అన్నాను.

"స్వాతంత్ర్యం పాఠం జనవరిలో కదా మేడమ్. అప్పటిదాకా లేవనండీ."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఉద్యమం రేపే మొదలుపెట్టమని దుర్గ చెవిలో చెప్పి వచ్చాను. తప్పంటారా?