చప్పుడు మానేసిన బండి

2007లో, జూలూరుపాడు దాటి అడవిలోకి తిరిగే మట్టిరోడ్డు మీద హరిలాల్ పికప్ బండి వస్తోందంటే చూడక్కర్లేదు, వింటే చాలు. వెనక ఇరుసు ఎగిరి పైన ఛాసిస్ చట్రాన్ని తాకకుండా అడ్డంగా ఉండే రెండు బంప్ రబ్బర్లు పగిలి, రాయిలా గట్టిపడిపోయాయి. గుంత వచ్చిందంటే ధన్‌మని కొట్టేవి. తండా ఆడవాళ్లకు ఆ చప్పుడే కాటా. మిరపకాయలు ఏరి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బండి వరసగా రెండుసార్లు కొట్టుకుందా, బరువెక్కువైనట్టే. వాగు చప్టా ముందు నలుగురైదుగురు మారుమాట లేకుండా దూకి, నడిచి దాటి, అవతల గట్టున మళ్లీ ఎక్కేవారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

హరిలాల్‌కు మాత్రం ఆ చప్పుడంటేనే భయం. పదేళ్లు లారీల మీద క్లీనరుగా తిరిగి కొనుక్కున్న బండి. కిందటేడు అతని భార్య మంగ్లికి నాలుగో నెలలో కడుపు పోయింది. ఎందుకని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పలేదు. తండాలో బాలి ముసలమ్మ చెప్పింది, అదీ అతని ముందే.

"మొగుని బండే గదా అని రోజూ ఎక్కింది. గా కుదుపులకు పిండం నిలుస్తదా?"

ఇప్పుడు మంగ్లికి మళ్లీ నాలుగో నెల. ఇంటిపట్టున ఉండమంటే ఉండదు. ఏరుడు ముఠాకు మేస్త్రి ఆమే.

"నేను రాకుంటే మేస్త్రిరికం ఇంకోళ్లకు పోతది. నన్ను ఆపుడు గాదు, నీ బండిని మంచిగ చేయించు" అంది.

అందుకే పాల్వంచ వెళ్లాడు. మెకానిక్ తుల్సీరాం రెండు రకాల రబ్బర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది పొట్టిది, గట్టిది, నీ పాతదాని లెక్కనే. గది పొడుగుది, మెత్తది. కూసున్నోళ్లకు కుదుపు తెల్వది."

"గదే బిగియ్."

"జర ఆగు బావా. కూసున్నోళ్లకే గాదు, నీకూ తెల్వది. ఎంత బరువైందో బండి చెప్పదు. అడవి దారికి పొట్టిదే మంచిది."

"బండి మాట్లాడకుంటే నాకేం బాధ? ఇంట్ల మంగ్లి మాట్లాడేది చాలదా?"

తుల్సీరాం నవ్వలేదు. ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపాడు. తుప్పు పట్టిన బోల్టులకు డీజిల్ పోసి, పాత రబ్బర్లు ఊడదీసి, పొడుగువి బిగించాడు. ఇరుసుకూ పాత రబ్బరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టేవి. ఇప్పుడు ఒక్క వేలు.

"బరువు మోసే కమాన్ పట్టీలు గూడ దించి చూస్త. మన్ను పట్టి ఏం కనవడ్తలేదు."

"ఏరుడు అయిపోయినంక చూద్దాం. రేపు పొద్దుగాల ముఠా ఎక్కాలె."

మర్నాడు బండిలో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏందిరా హరిలాలూ, బండి నోట్ల గుడ్డ కుక్కినవా?" అంది బాలి.

"పెండ్లాం కోసం ఊయల కట్టిండు, మనం ఊగుతున్నం!" అని చాంది నవ్వింది. మంగ్లి ముసుగు లాక్కుంది కానీ కళ్లు నవ్వుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం చప్టా దగ్గర ఎవరూ దిగలేదు. బండి కొట్టుకోలేదు కదా మరి. రెండో రోజూ దిగలేదు. చేను ఆసామి వెంకటరామారావు కూడా అది గమనించాడు.

"బండి కిక్కురుమనట్లేదుగా, ఇంకో రెండు బస్తాలు వేసుకో హరిలాల్" అన్నాడు.

వేసుకున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు. నాలుగైదు రోజులకు స్టీరింగ్ ఎడమకు లాగుతున్నట్టు అనిపించింది. టైర్లో గాలి నింపించాడు.

పన్నెండో రోజు పొద్దుగుంకే వేళ, చప్టా దాటి గట్టెక్కుతుండగా కింద ఎండుకట్టె విరిగినట్టు ఒక్క చప్పుడు. బండి ఎడమవైపు ఒరిగి నిలబడిపోయింది.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి!"

"చప్టా దాటినంక దిగుడేందిరా?" అని చాంది నవ్వబోయి, అతని మొహం చూసి దూకేసింది.

హరిలాల్ బండిని జాకీ మీద లేపి, చక్రం ఊడదీసి, వేళ్లతో మన్ను గీరాడు. పెద్ద కమాన్ పట్టీ రెండు ముక్కలైంది. విరిగినచోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. దాని కింది రెండు పట్టీలూ విరిగే ఉన్నాయి. అక్కడ మెరుపు లేదు, ఎర్రటి తుప్పు. అంటే అవి విరిగి చాలా రోజులైంది; ఇన్నాళ్లూ పట్టీల మీద కాదు, ఆ మెత్తటి రబ్బరు మీదే మోసుకొచ్చాడు, బస్తాలనూ, ఇరవైమందినీ, మంగ్లినీ.

మంగ్లి వంగి చూసింది.

"ఏమైంది?"

"పట్టీ ఇరిగింది."

"ఇయ్యాల్నేనా?"

అతను కింది పట్టీల మీంచి చెయ్యి తీశాడు. ఆమె వేలితో ఆ తుప్పు రాసి, చూసుకుని, కొంగుకు తుడుచుకుంది. ముఠాతో కలిసి నడక మొదలుపెట్టింది. తండా ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. ఆ పొద్దప్పుడు ఆ దారిలో ఇంకో బండి రాదు.

టేకుచెట్ల మధ్య ఆడవాళ్ల మాటలు కాసేపు వినిపించాయి. మలుపు దగ్గర ఒక్కసారిగా ఆగిపోయాయి. హరిలాల్ తలెత్తాడు. మంగ్లి రెండు చేతులతో నడుం పట్టుకుని దుమ్ములో కూర్చుండిపోయింది. చాంది ఆమె వీపు పట్టుకుంది.

"హరిలాలూ!" బాలి గొంతు చీరుకుపోయింది. "బండి తియ్‌రా! జల్దీ తియ్!"

బండి మూడు చక్రాల మీద, జాకీ మీద ఉంది. హరిలాల్ విరిగిన పట్టీ ముక్క అక్కడే పడేసి, మలుపువైపు పరుగెత్తాడు.