అరువు కళ్ళు

వీధిలో అందరూ ఆమెను కళ్ళ డాక్టరు అనేవాళ్ళు. ఆమె డాక్టరు కాదు. ఫోటో స్టూడియో వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ఫోటోల్లో మూసుకుపోయిన కళ్ళు తెరిపించేది. ముందుగదిలో భర్త ఫోటోలు తీసేవాడు. కౌంటరు దగ్గర అత్తగారు కూర్చునేది. రెండు గదుల మధ్య ఒక నల్లటి తెర. దానికి అవతల మనుషులు ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండేవాళ్ళు. ఇవతలికి వచ్చాక, తాము ఎలా ఉన్నామనుకుంటారో అలా అయ్యేవాళ్ళు.

చిల్లర పనులే ఎక్కువ. మొటిమ తీసెయ్యడం, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించడం, రంగు తేల్చడం. "మరీ తెల్లగా వద్దండీ, మా ఆయన గుర్తుపట్టాలిగా" అని ఒకావిడ అంటే, "గుర్తుపడితే డబ్బులు వాపసు" అనేది అత్తగారు, నవ్వకుండా.

అసలు పని పోయినవాళ్ళది. బతికినన్నాళ్ళూ ఒక్క ఫోటో తీయించుకోని మనిషి పోయాక, ఎవరో ఫోన్లో తీసిన ఆఖరి బొమ్మ పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది.

"కళ్ళు తెరిచున్న ఫోటో ఇంకోటి ఉందాండీ?"

ఉంటే ఆ కళ్ళే తెచ్చి అతికించేది. లేనివాళ్ళ కోసం కంప్యూటర్లో ఒక ఫోల్డరు ఉంది. పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చిన వాళ్ళ కళ్ళు కత్తిరించి అందులో దాచేది. ముసలి కళ్ళు, పడుచు కళ్ళు, పసి కళ్ళు. దానికి అరువు కళ్ళు అని పేరు పెట్టుకుంది. ఒక బస్సు డ్రైవరు కళ్ళతో ముగ్గురు తాతలు మూడిళ్ళ గోడల మీద నుంచి మనవల్ని చూస్తున్నారు. ఫోటో చేతికివ్వగానే "అచ్చం మా నాన్నే" అని కొడుకులు ఏడ్చేవాళ్ళు. ఆమె తల వంచుకుని తర్వాతి ఫోటో తెరిచేది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆమెకి నెల తప్పింది. అత్తగారు ఆ రోజే కంప్యూటరు కుర్చీలో ఒక దిండు వేసింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ అలాంటి దిండులాగే ఉండేది. వెన్నుకి మెత్తగా ఉంటుంది, లేవడానికి మాత్రం వీలుండదు.

ఎనిమిదో నెలలో ముఖం నిండింది. బుగ్గలు, గడ్డం, మెడ ఒకదాన్నొకటి దాటి వచ్చాయి. "ఒళ్ళు చేసింది నా కోడలు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది. ఉంగరం సబ్బు రాసినా రాలేదు. చెప్పులు పట్టక భర్తవి వేసుకుంది.

"ఇంక ఆయన ప్యాంటు కూడా వేసుకో. స్టూడియో నువ్వే నడుపుదువుగాని" అంది అత్తగారు.

ఒక మధ్యాహ్నం ఆమె తెర పక్కకి తీసి, "కాసేపు ఆ ఫ్లాష్ ఆపుతారా, తల పగిలిపోతోంది" అంది భర్తతో.

అతను కెమెరా తుడుచుకుంటున్నాడు. ముందుగదిలో ఎవరూ లేరు.

"ఏ ఫ్లాష్? పొద్దున్నుంచి ఒక్క బేరం తగల్లేదు."

ఆమె మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చుంది. కళ్ళు మూసుకున్నా వెలుగులు ఆగలేదు. రెప్పల లోపల ఎవరో తనని ఫోటో తీస్తూనే ఉన్నారు.

అక్కకి ఫోన్ చేసింది. అక్క వేరే ఊళ్ళో నర్సు.

"తలనొప్పి ఎన్నాళ్ళ నుంచే?"

"రోజంతా స్క్రీను చూస్తానుగా అక్కా."

"కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయా?"

"ఫోటో స్టూడియోలో మెరుపులు కాక ఇంకేమొస్తాయి?"

"వేళాకోళం తర్వాత. డ్యూటీలో ఉన్నాను, వీడియో కుదరదు. నీ ముఖం ఫోటో తీసి పంపు. పాదాలు కూడా. ఇప్పుడే."

భర్త ఫోన్‌తో తీయనన్నాడు. "మన మనిషికి ఫోన్‌తో తీస్తానా" అని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక గళ్ళ పరదా దించి, దీపాలు సర్ది తీశాడు. పాదాలు కూడా తీశాడు. ఆమె వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి తెరిచింది.

స్క్రీను నిండా తన ముఖం. రెప్పలు నీళ్ళు తాగినట్టు ఉన్నాయి. వాటి సందులోంచి రెండు కళ్ళు, వానలో తలుపు సందులోంచి చూసే మనిషిలా, బయటికి చూస్తున్నాయి.

"అలాగే పంపిస్తావా ఏంటి?" వెనక నుంచి అత్తగారు.

"అక్క చూడాలంది అత్తయ్యా."

"చూసి ఊరుకుంటుందా? అత్త ఏడిపించి ఏడిపించి మా చెల్లెలి మొహం వాచిపోయిందని నలుగురికీ చెబుతుంది. కాస్త సరిచెయ్యి. అడ్డమైన వాళ్ళకీ చేస్తావు, నీకు చేసుకోలేవా?"

అత్తగారు ఆ మాట అనేసరికే స్క్రీను మీద కుడికంటి కింద ఉబ్బు పోయింది. ఎప్పుడు తీసేసిందో ఆమెకే తెలీదు. వాపు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, అంతే. మిగతాది అత్తగారి మాట మీద చేసింది. ఎడమకన్ను. బుగ్గలు. గడ్డం దగ్గర మౌసుతో నాలుగుసార్లు లోపలికి నొక్కింది. పాత ముఖం తిరిగొచ్చింది. దాన్ని చూసి ఆమెకి కొంచెం హాయిగా కూడా అనిపించింది.

పాదాల ఫోటో పంపబోతే, "కాళ్ళ ఫోటోలు ఎవరైనా పంపుకుంటారా" అంది అత్తగారు. అదీ ఆగిపోయింది.

సాయంత్రానికి అక్క జవాబు పెట్టింది. 'బంగారంలా ఉన్నావే. ముఖంలో వాపేం లేదు. వచ్చే వారం చెకప్‌లో బీపీ మాత్రం మర్చిపోకు.'

ఆ వారమే ఒక స్కూలు పిల్లలందరి ఫోటోలూ వచ్చి పడ్డాయి. పొట్ట పైభాగంలో నొప్పి వస్తే గ్యాసు అనుకుని వేడినీళ్ళు తాగింది. చెకప్ ఇంకా రెండు రోజులుందనగా, ఒక పెద్దాయన కొడుకు తండ్రి ఫోటో తెచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె ఒక కన్ను తెరిపించింది. రెండోది మొదలుపెట్టబోతుంటే వెలుగు వచ్చింది. ఈసారి అది ఆరలేదు.

కుర్చీ పడిన చప్పుడుకి అత్తగారు తెర తోసుకుని వచ్చింది. కోడలు నేల మీద కొట్టుకుంటోంది. బల్ల అంచున మానిటరు ఊగుతోంది. ఆవిడ ముందు మానిటరును పట్టుకుంది. తర్వాత కోడల్ని.

భర్త, ఆ బెంచీ మీది మనిషి కలిసి ఆమెను ఆటోలోకి ఎక్కించారు. పాదాలు లోపలికి సర్ది, ఆ మనిషి మొహమాటంగా అడిగాడు. "మరి మా నాన్నగారిది..."

"సాయంత్రం రండి" అంది అత్తగారు. అలవాటు మీద వచ్చిన మాట అది.

ఆస్పత్రిలో డాక్టరు ఆమె కాలు నొక్కి వేలు తీసింది. గుంట అలాగే ఉండిపోయింది.

"గుర్రపు వాతం. బీపీ పెరిగి ఫిట్స్ దాకా వచ్చింది. బిడ్డని ఇప్పుడే బయటికి తియ్యాలి, లేకపోతే ఇద్దరూ దక్కరు. ఇంత వాపుంటే ఇంట్లో ఎవరూ చూడలేదా?"

"రోజూ చూస్తూనే ఉన్నాం డాక్టరుగారూ" అన్నాడు భర్త.

సూది మందు ఎక్కుతుంటే నరాల్లో కాలిన ఇసుక పారినట్టయింది. ఆ మంటలోనే కోశారు. ఆడపిల్ల. అరచేతికి కొంచెం ఎక్కువ. ఏడుపు కూడా పిల్లలాగే చిన్నది. ఆ ఏడుపు గది తలుపు దాటకుండానే ఆగిపోయింది.

అక్క బస్సు దిగి తిన్నగా వచ్చింది. డాక్టరు ముందు ఫోన్ చాపి, "నేనూ నర్సునేనండి. కిందటి వారమే చూశాను, ముఖం బాగానే ఉంది" అంది.

డాక్టరు ఫోన్ చూసింది. మంచం వైపు చూసింది.

"ఈవిడెవరు?"

అక్క ఫోటోని వేళ్ళతో పెద్దది చేసింది. గళ్ళ పరదా మీద నిలువు గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. చెల్లెలి గడ్డం పక్కన ఒక్క గీత మాత్రం లోపలికి వంగి ఉంది. అక్క మరిది ముఖంలోకి చూసింది. అతను నేల చూశాడు.

తల్లి ఒక గదిలో, బిడ్డ ఇంకో గదిలో గాజుపెట్టెలో. తల్లికి చూపు సరిగా ఆనలేదు. మనుషులు తడిసిన రంగుల్లా వచ్చి పోయేవాళ్ళు. పాపని ఒక్కసారి చూపించమని అడిగితే, "ఇద్దరూ తేరుకోనీ" అన్నారు. మూడో రోజు పొద్దున పాప ఊపిరి తీసుకోవడం మానేసింది. అదే రోజు ఆమెకి పాలు పడ్డాయి.

పాప పోయిన మాట చెప్పింది అక్కే. చెప్పి, ఆమె తల దువ్వుతూ కూర్చుంది. చిక్కులు తీసి, రెండు పాయలు అల్లాక అంది.

"నీ పని చాలా నీటుగా ఉందే. ఇన్నేళ్ళుగా ఇలాంటి ముఖాలు చూస్తున్న దాన్ని, నేనే పట్టుకోలేకపోయాను."

తర్వాత జడ చివర రబ్బరు వేసి, బస్సు టైమైందని లేచింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి వాపంతా దిగిపోయింది. ఉంగరం వదులైంది. అద్దంలో ఆమె ముఖం ఇప్పుడు అక్కకి పంపిన ఫోటోలో ముఖంలాగే ఉంది.

ఒకరోజు అత్తగారు తెర తీసుకుని లోపలికి వచ్చి, తన ఫోన్ కీబోర్డు మీద పెట్టింది. తెల్లటి గుడ్డలో పాప. కళ్ళు మూసుకుని ఉంది. ఆమె బిడ్డను చూడడం అదే మొదటిసారి.

"ఒక్క ఫోటో అయినా ఉండాలిగా గోడకి" అంది అత్తగారు. "కళ్ళు తెరిపించవే."

ఆమె నోట అలవాటైన మాటే వచ్చింది. "కళ్ళు తెరిచున్న ఫోటో ఇంకోటి ఉందా?"

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. అతను తెర దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒక్కసారే తెరిచింది. నేనున్నప్పుడు" అన్నాడు.

"ఎలా ఉన్నాయి?"

రోజూ ముఖాలు చూసి బతికేవాడు.

"నన్ను చూసింది" అన్నాడు.

"నీ దగ్గరున్నాయిగా ఎన్నో, ఎవరివో ఒకరివి పెట్టు" అంది అత్తగారు.

ఆమె ఫోల్డరు తెరిచింది. వరసలు వరసలుగా కళ్ళు, అన్నీ తననే చూస్తూ. స్కూలు పిల్లలవి కూడా. ముగ్గురు తాతలకి సరిపోయిన డ్రైవరు కళ్ళు మొదటి వరసలో ఉన్నాయి. మూసేసింది. దిద్దని ఫోటో ఏదీ చెరిపెయ్యకపోవడం ఆమె పనిలో నియమం. వెతికి తన ఫోటో తీసింది, అక్కకి పంపనిది. ఆ కళ్ళు రెప్పలతో సహా కత్తిరించి, చిన్నవి చేసి, పాప ముఖం మీద ఉంచింది. అవి అక్కడ ఇట్టే కుదిరిపోయాయి.

అత్తగారు ముందుకి వంగి చూసింది. చేత్తో నోరు నొక్కుకుంది.

"అచ్చం నీ కళ్ళే" అంది. ఇంకాసేపు చూసి, "ఆ వాపొక్కటి తీసెయ్యి. చూసేవాళ్ళేమనుకుంటారు."

ఆమె చెయ్యి మౌసు మీదే ఉంది. ప్రింటు నొక్కింది. మిషను కాగితాన్ని కొంచెం కొంచెంగా బయటికి తోసింది. ముందు నుదురు వచ్చింది. తర్వాత కళ్ళు, వాపుతో సహా.

ఇప్పుడా ఫోటో కౌంటరు వెనక గోడకి ఉంది. రంగు తేల్పించుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "పాపకి ఒంట్లో బాగోలేదా అండీ?" అని అడుగుతారు. అత్తగారు తల తిప్పదు.

"ఎన్ని కాపీలు?" అంటుంది.