ఖాదర్‌బీ చెప్పిన దీవులు

ఇస్త్రీపెట్టె కింద తడి బట్ట చుయ్యిమన్నప్పుడు లేచే గంజి వాసన నాకు పడదు. మా కోడలు చొక్కాలు ఇస్త్రీ చేసే రోజు నేను పెరట్లోకి వెళ్ళిపోతాను. ముసలి చాదస్తం అనుకుంటుంది కాబోలు. ఆ వాసన వస్తే కువైట్‌లోని అర్దియా, అక్కడ మేం పనిచేసిన ఇల్లు, ఆ వెనకే ఖాదర్‌బీ అక్క గుర్తొస్తారు.

ఖాదర్‌బీది రాయచోటి. ఆ ఇంట్లో వంటమనిషి. కోనసీమ నుంచి పనికి వచ్చిన నాకు గ్యాస్ పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడే నేర్పింది. "నువ్వు అండీ అండీ అనే లోపల ఈడ అన్నం మాడిపోతాది మే!" అని వెక్కిరించేది. ఇంటాయన్ని బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ పిలిచేవాళ్ళం. బాబా పోలీసు ఆఫీసరు. 1990 వేసవిలో భార్యాపిల్లలతో పడవ మీద మధ్యధరా సముద్రంలో దీవి నుంచి దీవికి తిరుగుతున్నాడు. నడవలేని ఆయన తల్లి, పెద్ద మామాని మా ఇద్దరికీ ఒప్పజెప్పారు. దీవిలో దిగిందే తడవుగా మామా ఫోన్ చేసి పనులు పురమాయించేది. చివరిసారి చేసినప్పుడు, తాము వచ్చేసరికి బాబా యూనిఫారాలు ఉతికి గంజి పెట్టి ఉంచమంది.

రెండు రోజులు తిరక్కుండానే ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. ఫోన్లు మూగబోయాయి. వీధుల్లో ట్యాంకులు, మా గుండెల్లో రాళ్ళు. పెద్ద మామా మాత్రం పొద్దున లేవగానే అడిగేది, "ఈరోజు ఏ దీవిలో ఉన్నారు?" అని. విమానం కిటికీలోంచి తప్ప సముద్రం ఎరగని ఖాదర్‌బీ తనకొచ్చిన అరబీలో రోజుకో దీవి కట్టి చెప్పేది. ఒకరోజు నిమ్మతోటల దీవి, ఇంకోరోజు పిల్లలు గాడిదలెక్కి తిరిగిన దీవి. ముసలావిడ నవ్వుతూ రొట్టె తినేది. ఖాదర్‌బీ వంటింట్లోకి వచ్చి, చేతులు వణుకుతుంటే గోడకు ఆనుకుని నిలబడేది.

పోలీసుల కోసం, మిలిటరీ వాళ్ళ కోసం ఇళ్ళు వెతుకుతున్నారని తెలిసింది. "బాబా పోలీసని తెలిసేది ఏదీ ఇంట్లో ఉండగూడదు మే" అంది ఖాదర్‌బీ. ఫొటోలన్నీ పొయ్యి మీద పెట్టి కాల్చేసింది. యూనిఫారాలు తగలబెట్టే పని నాది. నేను తగలబెట్టలేదు. మామా వచ్చి అడిగితే ఏం చెప్పను? నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి దాచేద్దామనుకున్నాను. పొద్దున్నే ఎవరూ చూడరులే అని డాబా మీద ఆరేశాను.

గంట తిరక్కుండా తలుపు బద్దలయ్యేలా కొట్టారు. ఇద్దరు సైనికులు, ఒక అధికారి. అతని చేతిలో, గాలికి డాబా మీంచి వీధిలో పడ్డ తడి చొక్కా. ఇది తొడుక్కునేవాడు ఎక్కడని అడిగాడు. "సముద్రంలో ఉన్నాడు" అంది ఖాదర్‌బీ. సముద్రంలో ఉన్నవాడికి ఇవాళ బట్టలెందుకు, ఎవరు ఉతికారని అరిచాడు. నేను ఖాదర్‌బీ వెనక్కి జరిగాను. ఖాదర్‌బీ నా వైపు చూడలేదు. "అనా" అంది. నేనే అని. ఇల్లంతా వెతికి, మగవాడు దొరక్క, ఆవిణ్ణి జీపులో తీసుకెళ్ళారు.

నేను సామాన్ల గదిలో బియ్యం బస్తాల వెనక దాక్కున్నాను. పెద్ద మామా పిలుస్తూనే ఉంది, ముందు ఖాదర్‌బీని, తర్వాత నన్ను. నేను కదల్లేదు. మధ్యాహ్నానికి పిలుపు ఆగిపోయింది. అప్పుడు ఇంకా భయమేసి పరుగెత్తాను. మంచం దిగబోయి నేల మీద పడి ఉంది, ఊపిరి ఉంది. ఎత్తి పడుకోబెట్టి, నీళ్ళు పట్టి, అన్నం పెట్టాను. కాసేపటికి తేరుకుని, ఏ దీవి అని అడిగింది. కొబ్బరి చెట్ల దీవి అన్నాను, నాకు తెలిసింది అదే మరి.

ఖాదర్‌బీ మర్నాడు పన్నెండు గంటలకు కుంటుతూ వచ్చింది. పెదవి చిట్లింది, ఒక కన్ను మూసుకుపోయింది. "ముసలామెకు అన్నం పెట్టినావా?" అంది. నేను భోరుమన్నాను. "నిన్న పొద్దున దాక్కున్నానక్కా. ఎంత పిలిచినా వెళ్ళలేదండీ."

ఆవిడ చెంగుతో పెదవి ఒత్తుకుంది.

"నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను మే? ఉతికింది నేను కాదు, సత్తెవతి అని చెప్పేద్దామనుకున్నా. నోటి దాకా వచ్చింది."

"ఎందుకు చెప్పలేదక్కా?"

"అప్పటికే కొట్టేసినారు కదా. ఇంగ నీకూ ఎందుకులే ఆ దెబ్బలు."

కొన్నాళ్ళకు మనవాళ్ళందరితో కలిసి మనదేశానికి విమానాలు దొరికే అమ్మాన్ వెళ్ళే బస్సెక్కాను. ఖాదర్‌బీ ఎక్కలేదు. పెద్ద మామాని ఎవరు చూస్తారు అంది. తర్వాత ఆవిడ ఏమైందో ఎంత విచారించినా తెలియలేదు. ఆవిడ కథ చెబితే వినేవాళ్ళు ఎంత ధైర్యవంతురాలో అంటారు. నాకు కోపం వస్తుంది. ధైర్యం ఉన్న మనిషి కాదు ఖాదర్‌బీ, నాలాగే వణికిన మనిషి. ఈ వయసులోనూ ఏదో ఒకటి భయపెడుతూనే ఉంటుంది. అప్పుడల్లా, దెబ్బలు తింటూ ఆవిడ దిగమింగుకున్న ఆ ఒక్క మాట తలుచుకుంటాను. ఆ మాట నా పేరు.